చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు ఆఖరున

మొన్న భూపాలపల్లి అవతలి తండా నుంచి బయలుదేరేటప్పుడు సోమ్లి నా సంచిలో కుంకుడుకాయల మూట ఒకటి పెట్టింది. జనగామలో ఇంటికి వచ్చి విప్పాను. పాత చీర ముక్కలో కట్టిన కాయలు, ఇంకా పూర్తిగా ఎండలేదు, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. మా కోడలు చూసి, "ఇవేం చేసుకుంటరు అత్తమ్మా, బంగారం తోముకుంటరా?" అని నవ్వింది. ఆ పిల్లది తప్పు కాదు. తల రుద్దుకోవడానికి కుంకుడుకాయలు కొట్టి, నురగ తీసి, కంట్లో పడితే ఇల్లెగరగొట్టేలా ఏడ్చిన తరం మాతోనే సరి. నేను మాత్రం ఆ మూట ముందు చాలాసేపు కూర్చున్నాను. పులిసిన బెల్లం వంటి ఆ వాసన మా కొట్టు వాసన, మా బాపమ్మ వాసన, సోమ్లి వాసన కూడా.

మా కొట్టు స్టేషను నుంచి ఊళ్ళోకి వచ్చే బజారులో ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. కుంకుడుకాయలు, శీకాయ, చింతపండు, విస్తరాకులు, అన్నీ టోకు బేరమే. సరుకు గంగారం దిక్కు అడవుల నుంచి మానుకోటకు బండ్ల మీద వచ్చి, అక్కడ రైలెక్కి మా దగ్గరికి చేరేది. ఇంట్లో ఎక్కడ అడుగు పెట్టినా గోనెసంచే. పడుకునే గదిలో చింతపండు, దేవుడి గది పక్కన విస్తరాకుల కట్టలు. పొద్దున లేస్తే ఆడవాళ్ళు నలుగురు వాకిట్లో కూర్చుని చింతగింజలు తీస్తుండేవారు. ఒకామె కుంకుడుకాయలు కొట్టి ఎండబెట్టి దంచేది. ఆ పొడి లేచిందంటే తాత నుంచి తమ్ముడి దాకా ఇల్లంతా తుమ్ములే. మా తాత తుమ్మితే బజారులో ఎదురుకొట్టు వాళ్ళు "చిరంజీవ" అనేవాళ్ళు. అంత గొంతు ఆయనది. కొట్టు మీద హుకుం అంతా ఆయనదే. ఇంట్లో మాత్రం ఆయన గొంతుకు అంత విలువ లేదు, అక్కడ మా నాయన తల్లి, బాపమ్మ లెక్క వేరు.

అమావాస్య నాడు మా బజారులో కొట్లన్నీ మూతే. ఆ పూట మగవాళ్ళంతా ఇంట్లో ఉంటారు కనుక నెలరోజుల తగాదాలన్నీ బాపమ్మ ఆ సాయంత్రానికి దాచి ఉంచేది. ముందు అందరికీ తిండి. సర్వపిండి కాల్చి పెట్టేది, లేదంటే వేడి అన్నం, ముద్దపప్పు, పచ్చిపులుసు. "ఆకలి కడుపు న్యాయం చెప్పది, న్యాయం ఇనది" అనేది. తిన్నాక వడ్లు నిలవచేసే గుమ్మికి ఆనుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నోట్లో ఆకువక్క వేసుకుని కూర్చునేది. అప్పుడు మొదలు. అందరికన్నా చిన్నవాళ్ళు ముందు మాట్లాడాలి, ఆ తర్వాత వాళ్ళకన్నా పెద్దవాళ్ళు, అలా వయసును బట్టి పైకి పోవాలి. నాలుగేళ్ళ మా తమ్ముడితో మొదలై తాత దాకా వచ్చేది. ఎందుకిట్లా అని ఒకసారి మా చిన్నమ్మ అడిగింది, కొత్త కోడలు కనుక తెలియక. "పెద్దోళ్ళు ముందుగాల మాట్లాడితె చిన్నోళ్ళ నోట్లె మాట సచ్చిపోతది" అంది బాపమ్మ. అందరూ అయ్యాక తాత ఆమె వైపు తిరిగి, "ఇగ నువ్వు చెప్పు" అనాలి. అప్పుడే ఆమె నోరు విప్పేది. ఆ మాటతో సంగతి తేలిపోయేది, ఇక దాని మీద ఎవరూ కిక్కురుమనకూడదు.

ఆ అడగడం దగ్గర ఆమె పట్టుదల ఎంతటిదో చెప్పాలంటే బర్రె ముచ్చట చెప్పాలి. వట్టిపోయిన బర్రెను అమ్మాలా వద్దా అని ఒక అమావాస్య నాడు పెద్ద చర్చ. తమ్ముడు వద్దన్నాడు, దాని పేరు పెట్టి ఏడ్చాడు కూడా. బాపు అమ్మమన్నాడు, చిన్నాయన అమ్మమన్నాడు. తాత తన మాట చెబుతుండగా బయట ఎవరో చుట్టం పిలిచాడు. ఆయన లేచి పోయాడు, ఆయన వెనక ఒక్కొక్కరే లేచారు. అయిపోయిందనుకున్నారు. దేవరుప్పుల నుంచి బేరగాడు పలుపుతాడు పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడితే బాపమ్మ కొట్టం ముందు పీట వేసుకుని కూర్చుంది. "ఇదేందే, ఆ పొద్దు అందరం అనుకున్నం గద!" అని తాత అరిచాడు. "అందరు అనుకున్నరు. నన్నెవలడిగిన్రు?" అంది. "నువ్వు మాత్రం చెప్పద్దా, నోరు లేదా?" అంటే, "అడగకుంట చెప్పేది హుకుం. అడిగితె చెప్పేది తీర్పు. నాకు నీలెక్క హుకుం చేసుడు రాదు" అంది. బేరగాడు ఉత్త తాడు చుట్టుకుని పోయాడు. తర్వాత అడిగితే ఆమె కూడా అమ్మమనే చెప్పింది, అది వేరే సంగతి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, మా బాపమ్మ అడగందే ఒప్పుకోను కూడా ఒప్పుకోదని బజారంతా చెప్పుకుని నవ్వారు.

సోమ్లి మా ఇంటికి ఈ సరుకు దారినే వచ్చింది. వాళ్ళ నాయిన తండా నుంచి కుంకుడుకాయలు తెచ్చేవాడు. మానుకోట హాస్టల్లో చోటు లేదంటే బిడ్డను జనగామ హాస్టల్లో వేసి, "జర చూసుకోండ్రి షావుకారీ" అని తాతకు అప్పజెప్పి పోయాడు. నాకన్నా ఏడాది పెద్దది, బడిలో ఆలస్యంగా వేశారు కనుక నా తరగతే. బడి వదిలాక నాతో మా ఇంటికి వచ్చేది, హాస్టల్ గంట కొట్టే వేళకు పోయేది. మా ఇంటికి అంటే మా ఇంటి అరుగు దాకా. గడప లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. ఆమెకు విస్తరి అరుగు మీదే వేసేవాళ్ళు, నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. పోసేది బాపమ్మే, నాలుగేళ్ళ పిల్లవాడి మాట కూడా వినాలన్న అదే బాపమ్మ. ఆమె గురించి రాయబోతే ప్రతిసారీ ఈ వాక్యం దగ్గర నాకు కోపం వస్తుంది, దీన్ని వదిలేసి ముందుకు పోవడం చేతకాదు. సోమ్లి మాత్రం అమావాస్య నాడు అరుగు మీద గోడకు ఆనుకుని లోపలి తగువు మొత్తం వినేది. "మా తండాల గూడ గిట్లనే" అంది ఒకసారి నాతో. "పోరగాండ్లు ముందు. ముసలోళ్ళు ఆఖర్న. అడగకపోతె మా తాత గూడ గిట్లనే మూతి బిగవడ్తడు."

పదో తరగతి అయ్యాక నా తగువు వచ్చింది. తాత నా చదువు మాన్పించి సంబంధం చూద్దామన్నాడు. అమావాస్య దాకా ఆగాలి కనుక ఆగాము. ఆ సాయంత్రం చర్చ ఎప్పటిలాగే తమ్ముడితో మొదలైంది. తమ్ముడు, "అక్క పోతె నాకు లెక్కలెవలు చెప్తరు?" అన్నాడు, కాలేజీకి పోవడం, అత్తగారింటికి పోవడం వాడికి రెండూ ఒకటే. తర్వాత నా వంతు. మాట పెగల్లేదు, ఏడుపొచ్చింది. అమ్మ, "మీ ఇష్టం" అంది. బాపు, "ఆడిపిల్ల రోజు రైలెక్కి హన్మకొండకు పోవుడంటె…" అని సగంలో ఆపాడు. ఇక తాత గొంతు సవరించుకుంటున్నాడు. అప్పుడు అరుగు మీది నుంచి సోమ్లి అడిగింది, "అవ్వా, నేను చెప్పొచ్చునా?"

"ఇంటి ముచ్చట్ల నీకేం పని?" అని తాత గద్దించాడు. బాపమ్మ చెయ్యి ఎత్తింది. "దాని చెవులు గడప దాటి లోపలికొచ్చినయి. నోరెందుకు రావద్దు? చెప్పు బిడ్డా." సోమ్లి లేచి గడప అవతలే నిలబడింది. "సుగుణ సదువు ఆపితె మీకు ఒక్క పిల్ల సదువే ఆగుతది అవ్వా. మా నాయినకు తెలిస్తె నాది గూడ ఆగుతది. షావుకారోళ్ళ పిల్లనే బంద్ వెట్టిన్రు, నీకేందే అంటడు. నన్ను జూసి మా తండాల ఇంకో ఇద్దరు పిల్లలు బడికి పోతున్నరు. ఆళ్ళది గూడ ఆగుతది." అంతే చెప్పి కూర్చుంది. తాత తన మాట తాను చెప్పాడు, కానీ ఎప్పటి జోరు లేదు. ఆఖరికి, "ఇగ నువ్వు చెప్పు" అన్నాడు. బాపమ్మ ఆకువక్క ఉమ్మి వచ్చి చెప్పింది. "రైలు మనుషులను తినది. పోనియ్యి."

నేను చదువుకున్నాను. సోమ్లి చదువు ఇంటర్‌తో ఆగింది. వాళ్ళ నాయిన భూపాలపల్లి దిక్కు సంబంధం కుదిర్చి తీసుకుపోయాడు. ఆ రోజు వాళ్ళింట్లో ఆమెను ఎవరన్నా అడిగారా అని నేను తర్వాత అడిగితే, నవ్వింది. నన్ను రైలెక్కించిన మాట ఆమెది, ఆమె కోసం మాట్లాడేందుకు మాత్రం వాళ్ళ నాయిన తండాలో ఏ అరుగు మీదా ఎవరూ కూర్చుని లేరు.

నేను సాంఘికశాస్త్రం చెప్పే టీచరునయ్యాను. దేవరుప్పులలో, చిల్పూరులో, ఇంకా ఏవేవో ఊళ్ళలో పిల్లలకు పౌరశాస్త్రం చెప్పాను. ప్రాథమిక హక్కులను పిల్లలు ఎక్కాలలాగా పాడేవారు. నేను పుస్తకం మూసి మా ఇంటి అమావాస్య ముచ్చట చెప్పేదాన్ని. రాజ్యాంగం అంటే ఇంతేనర్రా అనేదాన్ని. బలం ఉన్నవాడు ముందు మాట్లాడితే లేనివాడి నోట్లో మాట చచ్చిపోతుంది, అలా చావకుండా కాపు కాసేదే రాజ్యాంగం. ఎవరి మీద తీర్పు చెబుతామో వాళ్ళను అడగకుండా చెప్పకూడదు. అధికారం ఉన్నవాడు కూడా తన ఇష్టం వచ్చినట్టు కాదు, పద్ధతి ప్రకారం నడవాలి. మా బాపమ్మ దగ్గర ఒక గడప ఉండేది, రాజ్యాంగం ఆ గడప తీసేసింది. ఇలా చెబుతుంటే నా కళ్ళు మెరిసేవని ఒక పాత విద్యార్థి ఈ మధ్య అన్నాడు. మెరిసే ఉంటాయి. నేను నిజంగా నమ్మాను. ఏ జీతం కోసమో చెప్పిన పాఠం కాదది.

పోయిన నెలలో సోమ్లి ఫోన్ చేసింది. ఆమె తండా వెనక గుట్ట ఉంది. గుట్ట మీద కుంకుడు చెట్లు, మేకలకు మేత, కింద తండా అంతా తాగే నీటి ఊట. ఎవరో కాంట్రాక్టరు ఆ గుట్టను పేల్చి రాయి తీస్తాడట. "సుగుణా, సర్కారు మమ్ముల అడుగుతదట! టెంటేసి, మైకు వెట్టి, గుట్ట ఇస్తరా ఇయ్యరా అని తండోళ్ళనందర్ని అడుగుతదట. నువ్వు రావాలె" అంది. ఆ గొంతులో సంబరం నాకు ఇంకా వినబడుతోంది. వాళ్ళ మామ పోయాక తండాలో ఆఖరి మాట చెప్పే పెద్దదిక్కు ఆమే. పిల్లలంతా ఆమెను యాడీ అంటారు, వాళ్ళ భాషలో అమ్మ అని.

సభకు ముందు రోజు బస్సులు మారి, ఆఖరికి ఆటోలో పోయి దిగాను. పొద్దున ఆమె నాకు జొన్నరొట్టె పెడుతూ ఉంటే, "ఏం చెప్తవే సభల?" అని అడిగాను. "ఇప్పుడే ఎట్ల జెప్త? అందరు చెప్పింది ఇనాలె గద" అంది. చిన్న కొడుకు శ్రీను, మిగతా పిల్లలు రాత్రే అనుకున్నారట, ముందు మేము చెబుతాం, ఆఖరుకు యాడి చెబుతుందని. గుట్ట మొదట్లో అప్పటికే పెద్ద యంత్రం ఒకటి తెచ్చి పెట్టి ఉంది, పైన టార్పాలిను పట్టా కప్పి. అడగక ముందే అది ఎట్లా వచ్చిందని నేను అన్నాను. "అడిగినంక తీసుకపోతరు తీయ్" అంది సోమ్లి.

టెంటు దగ్గర తాడు కట్టారు. పోలీసు నన్ను ఆపాడు. "మేడం, మీది ఈ మండలం కాదు. గీడనే నిలవడుండ్రి." ఎవరైనా రావచ్చు కదా అంటే, పైనుంచి చెప్పారన్నాడు. సోమ్లికి మాత్రం కుర్చీ వేశారు, టెంటు లోపల, ముందు వరసకు వెనకే. నాకు సంతోషమే అయింది. ఆమె లోపల, నేను బయట, ఈ ఒక్కసారైనా అట్లా ఉండనీ అనుకున్నాను.

ముందు కాంట్రాక్టరు మనుషులు మాట్లాడారు. తర్వాత ఆయన తరఫున నాయకులు, మెడలో కండువాలతో. రోడ్డు వస్తుంది, కొలువులు వస్తాయి, తండా బంగారమవుతుందన్నారు. ఒకరి తర్వాత ఒకరు ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా మాట్లాడారు. ఆ తర్వాత తండా పిల్లలకు మైకు ఇచ్చారు, తొందరగా ముగించండని ప్రతివాడికీ చెబుతూ. అయినా శ్రీను బాగా మాట్లాడాడు. ఊట ఎండితే ఏం తాగాలని అడిగాడు. ఒక పిల్ల, ఇప్పుడే నర్సు చదువుతోందట, పేల్చితే లేచే దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో చెప్పింది. సర్కారు తరఫున సభ నడిపిస్తున్న పెద్ద సారు వేదిక మీద ఫోన్ చూసుకుంటున్నాడు. చెవిటివాని ముందు శంఖమే, అయినా ఆ పిల్లలు ఊదారు. నాకు గర్వంగా అనిపించింది.

పిల్లలు అయిపోయారు. సోమ్లి తలమీద కొంగు సవరించుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నిటారుగా కూర్చుంది. అచ్చం గుమ్మికి ఆనుకున్న మా బాపమ్మే. సారు ఫోన్ పక్కన పెట్టి, మనిషి మొహం చూడకుండా టెంటు గుడ్డ వైపు చూస్తూ, "ఇంకెవరైనా మాట్లాడేది ఉందా?" అన్నాడు. సోమ్లి కదల్లేదు. తండా పిల్లలు కూడా కదల్లేదు. వాళ్ళు సారు వైపు చూస్తున్నారు, సభ నడిపించే పెద్దమనిషి ఇప్పుడు యాడి వైపు తిరిగి అడుగుతాడని. ఇన్నేళ్ళుగా వాళ్ళు చూసిన పద్ధతి అదే. నాకు అర్థమైంది. తాడు పట్టుకుని, "సార్, ఆమెను అడగండి! ఆమెను అడగండి!" అని అరిచాను. జనరేటరు చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు. "మేడం, గొడవ చెయ్యకుండ్రి" అని పోలీసు నా భుజం పట్టుకున్నాడు. సారు మైకు దగ్గరికి వంగాడు. "కుర్రవాళ్ళు కొన్ని సందేహాలు చెప్పారు. పెద్దవాళ్ళెవరికీ అభ్యంతరం లేదు. సంతోషం." చప్పట్లు కొట్టారు. బిర్యానీ పొట్లాలు వచ్చాయి.

కుర్చీలు మడిచేవాళ్ళు వచ్చేదాకా ఆమె లేవలేదు. శ్రీను ఏడుపు కలిసిన కోపంతో అరుస్తున్నాడు. "లేసి చెప్పాలె గద యాడీ! గా సారు అడిగిండు గద!" ఆమె కొడుకును వింతగా చూసింది. "గది అడుగుడా? ఎవల్ని జూసి అడిగిండు?" అంది. తాడు దాటి నా దగ్గరికి వచ్చి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది, "సుగుణా, నన్నెందుకు అడగలె?"

నేను పరుగెత్తాను. సారు కారెక్కుతుండగా, ఇంకొకరి మాట మిగిలింది, వినండి అన్నాను. వెనక ఉన్న గుమాస్తా ఒకాయన మర్యాదగానే చెప్పాడు, సభ ముగిసిందమ్మా, కాగితం మీద ఇవ్వాలన్నా గడువు సభతోనే సరి అని. ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టెయ్యమన్నట్టు, పెద్దలు ఒప్పుకున్నారని పైకి కాగితం పోతుంది, పైన ఎవరూ ఆ పెద్దలెవరని అడగరు. కాగితం మీద చూస్తే ఇందులో ఎవరూ చట్టం తప్పలేదు, నాకు అదే కడుపులో మంట. టెంటు వేశారు, మైకు పెట్టారు, అడిగారు. నేను పిల్లలకు చెప్పిన పాఠంలో ఉన్నవన్నీ అక్కడ ఉన్నాయి. మా బాపమ్మకు ఏ చట్టమూ చెప్పలేదు, అయినా గడప అవతలి పిల్లను, బిడ్డా చెప్పు అంది. అలా అన్న మనిషే ఆ పిల్లకు చెంబు తాకనివ్వలేదు. అప్పుడు మాట విన్నారు, మనిషిని దూరం పెట్టారు. ఇప్పుడు మనిషికి కుర్చీ వేశారు, మాటను దూరం పెట్టారు. ఈ రెండింటిలో ఏది మేలో తేల్చమంటే నా వల్ల కాదు. రెండూ కలిసిన రోజు ఒకటి వస్తుందని బడిలో అన్నేళ్ళు చెప్పాను. వస్తుందని ఇప్పుడు నేను అనుకోవడం లేదు.

మధ్యాహ్నం సోమ్లి గుడిసె ముందు కూర్చున్నాం. ఆమె కుంకుడుకాయలు ఏరుతోంది. గుట్ట మొదట్లో యంత్రం మీది పట్టా తీసేస్తున్నారు, ఇక్కడికి కనబడుతోంది. ఇద్దరం అటు చూడకుండా ఉండాలని చూశాం. ఆమె ఏం చెప్పి ఉండేదో ఈ లోకంలో ఒక్క మనిషికైనా తెలియాలనిపించింది నాకు. మా తాత అడిగినట్టే, ఆమె మొహం చూసి అడిగాను, "సోమ్లీ, ఇగ నువ్వు చెప్పు."

ఆమె చేతులు ఆగాయి. నా వైపు తిరిగింది. "నేనెట్ల జెప్తనే? నీకంటె యాడాది పెద్దదాన్ని. ముందు నువ్వు చెప్పాలె" అంది. ఎగతాళి లేదు ఆ మాటలో. "అన్నేండ్లు బడిల పోరగాండ్లకు ఇదే గద చెప్పినవ్. చెప్పు, నేను ఇంట."

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వినడానికి కూర్చుంది. నేను నోరు తెరిచాను. పదో తరగతి అమావాస్య నాటిలాగే మాట పెగల్లేదు. ఈసారి నా కోసం మాట్లాడడానికి అరుగు మీద కూడా ఎవరూ లేరు. ఆమె చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత లోపలికి పోయి పాత చీర ముక్క ఒకటి తెచ్చి నేల మీద పరిచి, ఏరిన కాయలు అందులో పోసి నా కోసం మూట కట్టసాగింది.